మన ఇల్లు... మనమే అమ్ముకుంటే!

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. అందులోని కష్టం ఏమిటో పోయిన ఏడాది మా బాబాయిని చూశాకే తెలిసింది.

బాబాయి వాళ్లది గుంటూరులో రెండొందల గజాల్లో పాత డాబా ఇల్లు. ఆయన రిటైరయ్యారు. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. పిన్నికి మోకాళ్ల నొప్పులు. ఇల్లు అమ్మేసి పిల్లలకు దగ్గర్లో చిన్న ఫ్లాటు కొనుక్కుందామనుకున్నారు. జీవితకాలపు సంపాదనంతా ఆ ఇంట్లోనే ఉంది మరి! తెలిసిన మధ్యవర్తికి చెబితే నాలుగు నెలల్లో తెచ్చింది రెండే బేరాలు. రెండూ ‘పాత ఇల్లు కదండీ’ అంటూ స్థలం విలువకన్నా తక్కువకే. ఇక లాభం లేదనుకుని గేటుకి తానే బోర్డు కట్టేశారు బాబాయి.

మధ్యవర్తికి మామూలుగా ఒకటి నుంచి రెండు శాతం ఇస్తుంటారు. 60 లక్షల ఇల్లయితే 60 వేల నుంచి లక్షా 20 వేలు. ఆ డబ్బు మిగలాలంటే ఆయన చేసే పని మనం చేయాలి. విదేశాల్లో ఉండి అమ్మేవాళ్లకు అది కుదరకపోవచ్చు. ఊళ్లోనే ఉండి, కాస్త ఓపికుంటే... ఎందుకు చేయలేం?

సున్నం కన్నా ముందు కాగితాలు

ఇల్లు అమ్ముదామనగానే అందరూ పెయింటరును పిలుస్తారు. ముందు బీరువా తెరవాలి. బాబాయికి వచ్చిన మొదటి మంచి బేరం చేజారింది ఇక్కడే. కొనేవాళ్లు ఈసీ తీయిస్తే అందులో ఇల్లు బ్యాంకు తనఖాలో ఉన్నట్టే కనిపించింది. అప్పు ఎప్పుడో తీరిపోయింది. కానీ తనఖా విడుదల పత్రం రిజిస్టరు చేయించలేదు. బ్యాంకు చుట్టూ తిరిగి ఆ పని పూర్తి చేసేసరికి వాళ్లు వేరే ఇల్లు చూసుకున్నారు.

అందుకే ఈసీ మీరే ముందు తీసి చూసుకోండి. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ శాఖ వెబ్‌సైట్లలో దొరుకుతాయి. అంతకుముందువి కావాలంటే సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయంలో అడగాలి. మీ దస్తావేజుతోపాటు లింకు డాక్యుమెంట్లు, ప్లాను అనుమతి, ఇంటి పన్ను రసీదులు, కరెంటు, నీటి బిల్లులు ఒక ఫైల్లో పెట్టండి. ఇల్లు తండ్రిగారి నుంచి వచ్చిందైతే అన్నదమ్ములతోపాటు అక్కచెల్లెళ్ల సంతకాలూ కావాల్సి రావచ్చు. బేరం కుదిరాక అడిగేకన్నా ముందే మాట్లాడుకోవడం మర్యాద, క్షేమం కూడా.

చూడవచ్చినవాళ్లకు ఒరిజినల్స్ ఇవ్వొద్దు. జిరాక్సులు ఇచ్చినా ‘పరిశీలన కోసం మాత్రమే’ అని అడ్డంగా రాసి, తేదీ వేసి ఇవ్వండి.

ఎంత చెప్పాలి?

‘పక్క వీధిలో కోటి పలికిందట’ అనే మాటలు నమ్ముకోవద్దు. ఈ మధ్య మీ వీధిలో నిజంగా ఎంతకు అమ్మారో, ఎంతకు కొన్నారో నలుగురిని అడగండి. ప్రభుత్వ విలువ ఎంతుందో కూడా చూసుకోండి. స్థలానికి గజం లెక్కన ఒక ధర, కట్టడానికి దాని వయసును బట్టి మరో ధర వేసి కలపండి. మార్బుల్ వేయించడానికి ఎంత ఖర్చయిందో మీకు గుర్తుంటుంది. కొనేవాళ్లకు దాంతో పనిలేదు! ఇంతకు దిగకూడదు అనే అంకె ఒకటి భార్యాభర్తలిద్దరూ ముందే అనుకుని, మనసులోనే ఉంచుకోండి.

ముస్తాబు

పెద్ద ఖర్చులు అక్కర్లేదు. కారే కుళాయిలు, పట్టని గొళ్లాలు, వెలగని బల్బులు బాగు చేయిస్తే చాలు. వంటింటి జిడ్డు, బాత్రూం మరకలు వదిలించాలి. అటక మీది పాత సామాన్లు తీసేస్తే గది పెద్దదిగా కనిపిస్తుంది. సంపు, ట్యాంకు కడిగించండి. కొనేవాళ్లు తప్పకుండా నీళ్లు చూస్తారు. వాకిట్లో ముగ్గు, గుమ్మానికి తోరణం... ఇల్లు కళకళలాడటానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒక్కటి మాత్రం చేయొద్దు. చెమ్మ మీద రంగేసి దాచొద్దు. బాబాయి వాళ్ల పడకగదిలో గట్టి వానొస్తే ఒక మూల గోడ చెమ్మెక్కుతుంది. వచ్చినవాళ్లందరికీ తానే చూపించి, బాగు చేయడానికి ఎంతవుతుందో మేస్త్రీతో రాయించిన కాగితం చేతిలో పెట్టేవారు. చివరికి కొన్నాయన ‘మిగతా మాటలు నమ్మింది ఆ గోడ చూశాకేనండీ’ అన్నారట.

బోర్డు కట్టాక

‘ఈ ఇల్లు అమ్మబడును’ అని రాస్తే సరిపోదు. ఎన్ని గజాలు, ఏ ముఖం, ఎన్ని గదులు, ఫోన్ నంబరు ఉండాలి. ఫొటోలు పొద్దున వెలుతురులో తీయండి. ‘మధ్యవర్తులు వద్దు’ అని రాసినా వాళ్ల ఫోన్లు వస్తూనే ఉంటాయి. ‘కొనేవాళ్లను తెస్తే కమీషను వాళ్ల దగ్గరే తీసుకోండి’ అనేవారు బాబాయి. ఇల్లు చూడకుండానే అడ్వాన్సు పంపిస్తాం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు.

ఎవరొచ్చినా పగటిపూటే రమ్మనండి. ఇంట్లో ఇద్దరైనా ఉండండి. వాస్తు పండితుణ్ని వెంటబెట్టుకొస్తే వాదించొద్దు, చూసుకోనివ్వండి. ఆషాఢంలో, మూఢాల్లో ఫోన్లు తగ్గితే కంగారుపడి ధర దించొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం... మన అవసరం చెప్పుకోకూడదు. వచ్చినవాళ్లకు కాఫీ ఇస్తూ పిన్ని ‘ఉగాదిలోపు ఫ్లాటు డబ్బు కట్టాలమ్మా’ అనేసింది. ఆ మర్నాడే బేరం రెండు లక్షలు దిగింది!

డబ్బు చేతికొచ్చేదాకా

మాట కుదిరితే అగ్రిమెంటు రాసుకోవాలి. అడ్వాన్సు, మిగతా సొమ్ముకు గడువు, ఎవరైనా వెనక్కి తగ్గితే ఏం చేయాలి... అన్నీ అందులో ఉండాలి. ఫ్యాన్లు, గీజరు ఎవరివో కూడా రాయండి. ఎక్కువ తగాదాలు వాటి దగ్గరే! అడ్వాన్సు చెక్కుగానో, బ్యాంకు బదిలీగానో తీసుకోండి. ఇంటి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడే అవకాశం ఉంది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ పట్టుకుంటారు. అది పోయినట్టు కాదు, మీ పాన్ ఖాతాలో జమవుతుంది. అమ్మిన ఇల్లు రెండేళ్లకు పైగా మీ పేరిట ఉండి, ఆ లాభంతో రెండేళ్లలోపు మరో ఇల్లు కొంటే ఆ మేరకు పన్ను మినహాయింపు ఉంటుంది. ఆడిటరును ముందే కలవండి.

డీడీ ఇస్తే అది అసలుదో కాదో బ్యాంకులో అడిగాకే సంతకం. పూర్తి డబ్బు అందాకే తాళాలు. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

రిజిస్ట్రేషన్ రోజు సాయంత్రం తాళాలిస్తూ బాబాయి కరెంటు మీటరు రీడింగు రాసి, ఇద్దరి సంతకాలూ పెట్టించారు. కరెంటు, ఇంటి పన్ను పేర్లు మార్పించుకోమని గుర్తుచేశారు. పిన్ని అప్పటిదాకా ఏం మాట్లాడలేదు. కొత్తావిడ చేతికి బొట్టుపెట్టె, అరటిపళ్లు ఇచ్చి ఒక్క మాటే చెప్పింది.

‘‘మున్సిపాలిటీ నీళ్లు పొద్దున ఆరింటికే వస్తాయమ్మా. నిద్రపోతే పోయినట్టే!’’