ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది?

బీర్కూర్ చుట్టుపక్కల ఏ చిన్న స్వచ్ఛంద సంస్థకు వెళ్లినా నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే. మీ సంస్థ పేరు మీద వచ్చే ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది? ఒకచోట పాత కార్యదర్శి ఫోనుకు వస్తుంది, ఆయనేమో గల్ఫ్‌లో ఉంటాడు. ఇంకోచోట నెట్ సెంటర్ నడిపే అబ్బాయి నంబరుకు. మరోచోట అధ్యక్షుడి కొడుకు సిమ్‌కు, అది రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయింది. దాతలిచ్చిన ల్యాప్‌టాప్ బీరువాలో భద్రంగానే ఉంటుంది. తీర్మానాల పుస్తకం, క్యాష్ బుక్కు, రబ్బరు స్టాంపు అన్నీ ఉంటాయి. సంస్థ తన ఖాతాను తాను తెరవలేకపోతోంది, అంతే.

దీన్ని నిర్లక్ష్యమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. గడిచిన కొన్నేళ్లలో ఆఫీసు గడపలన్నీ పోర్టళ్లయ్యాయి. ఆదాయ పన్ను మినహాయింపు కోసం ఒకసారి రిజిస్ట్రేషన్ తీసుకుంటే ఒకప్పుడు అది ఎప్పటికీ చెల్లేది. 2020 ఆర్థిక చట్టం వచ్చాక, 2021 ఏప్రిల్ నుంచి ప్రతి ట్రస్టూ సొసైటీ మళ్లీ ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, ఐదేళ్లకోసారి కొత్తగా తీసుకోవాల్సి వచ్చింది. ఆ దరఖాస్తు గడువును పదేపదే పొడిగించారంటేనే ఎందరు వెనకబడ్డారో తెలుస్తోంది. ఏడాది ఆదాయం 5 కోట్లు దాటని సంస్థలకు ఆ వ్యవధిని 10 ఏళ్లకు పెంచుతూ 2025 బడ్జెట్‌లో కొంత ఊరట ఇచ్చారు. దాతలకు పన్ను రాయితీ ఇప్పించే సంస్థలు విరాళాల లెక్కను ఏటా మే 31లోగా ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు కట్టాలి. కంపెనీల సీఎస్‌ఆర్ నిధులు కావాలంటే 2021 ఏప్రిల్ నుంచి కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర మరో నమోదు. నీతి ఆయోగ్ దర్పణ్‌లో ఇంకొకటి. ఊళ్లో సాయంత్రం బడి నడిపే సంస్థకు రోజుకు 200 అంటే, పాఠం చెప్పే టీచరమ్మకు ఆ రోజు ఇచ్చే డబ్బే.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2005లో నమోదైన సొసైటీ సర్టిఫికెట్ మీద రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, జిల్లా నిజామాబాద్. 2014లో తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయింది. అప్పుడే బీర్కూర్ మండలంలోని కొన్ని ఊళ్లు కొత్త నస్రుల్లాబాద్ మండలంలోకి వెళ్లాయి. సంస్థ ఉన్న ఇల్లు అంగుళం కదల్లేదు, చిరునామాలో రాష్ట్రం మారింది, జిల్లా మారింది, కొందరికి మండలమూ మారింది. పైగా బీర్కూర్‌ను ఇంగ్లిషులో ఒకరు యూ పెట్టి రాస్తారు, ఇంకొకరు రెండు ఓలు పెడతారు. పాన్ వివరాల్లో ఒక తీరు, బ్యాంకు పాస్‌బుక్కులో మరో తీరు. గుమస్తా అయితే రెండూ ఒక ఊరేనని చూసి సంతకం పెట్టేవాడు. పోర్టల్‌కు ఆ తెలివి లేదు, దరఖాస్తు తిప్పి పంపుతుంది. ఎందుకు తిప్పి పంపిందో ఇంగ్లిషులో రెండు ముక్కలు రాస్తుంది.

ఇక ఉచితంగా దొరికే సాధనాలకు కొదవ లేదు. లాభాపేక్ష లేని సంస్థలకు గూగుల్ ఈమెయిల్, ఫైళ్లు దాచుకునే చోటు ఉచితంగా ఇస్తుంది. టెక్‌సూప్ అనే అంతర్జాతీయ సంస్థ మన దేశంలో నాస్కాం ఫౌండేషన్‌తో కలిసి, ఖరీదైన సాఫ్ట్‌వేర్లను నామమాత్రపు రుసుముకు ఇప్పించింది. ఇంటింటి సర్వేలకు ఓడీకే, కోబో టూల్‌బాక్స్ ఉన్నాయి. సిగ్నల్ అందని తండాలో కూడా ఫోన్‌లో వివరాలు నింపుకొని, ఊళ్లోకి వచ్చాక పంపుకోవచ్చు. హైదరాబాద్‌లో 2005 నుంచి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడుపుతున్న స్వేచ్ఛ, తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది. అయితే దానంగా వచ్చినదాని మీద పూర్తిగా ఆధారపడటం మంచిది కాదు. స్వచ్ఛంద సంస్థలకు పెద్ద ప్యాకేజీలో 10 లైసెన్సులు ఉచితంగా ఇచ్చే పథకాన్ని మైక్రోసాఫ్ట్ 2025 జూలై నుంచి ఎత్తేసి, చిన్న ప్యాకేజీని మాత్రం ఉంచింది. ఇచ్చినవాడికి ఆపే హక్కు ఉంటుంది. లిబ్రె ఆఫీస్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ వెనక్కి తీసుకోలేరు, అందుకే చిన్న సంస్థలు అక్కడి నుంచి మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

ఇవన్నీ ఉన్నాయని బీర్కూర్‌లో ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్నకు టెక్‌సూప్ పుట్టుకలోనే జవాబుంది. 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అది మొదలైనప్పుడు దాని పేరు కంప్యుమెంటర్. అప్పుడది సాఫ్ట్‌వేర్ పంచలేదు. కంప్యూటర్ తెలిసినవాళ్లను వెతికి, తెలియని సంస్థల పక్కన కూర్చోబెట్టేది. 1990లలో అమెరికాలోనే కొన్ని ఫౌండేషన్లు ఒక అడుగు ముందుకేసి, సంస్థ నుంచి సంస్థకు తిరుగుతూ సాంకేతిక సాయం చేసే మనుషులకు జీతాలిచ్చాయి. వాళ్లను సర్క్యూట్ రైడర్లు అన్నారు. పూర్వం గుర్రం మీద ఊరూరా తిరిగిన క్రైస్తవ ప్రచారకుల పేరది. మనకు గుర్రాల పోలిక అక్కర్లేదు. బండి వెనక నత్రజని డబ్బా కట్టుకొని, ఫోన్ చేయగానే పశువుల పాక దగ్గరికి వచ్చి కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర మనకు తెలుసు. పశువుల ఆసుపత్రి మండల కేంద్రంలో ఉన్నా, గేదె ఎదకొచ్చిన రోజున పాక దగ్గరికి మనిషి రావాలని ఆ పథకం గుర్తించింది. మన సంస్థలకు అలాంటి మనిషే కావాలి.

నేర్పితే రాదేమోనని సందేహించేవాళ్లకు మంజీర ఎగువన, మన పార్లమెంటు నియోజకవర్గానికి పేరిచ్చిన జహీరాబాద్‌ను చూపిస్తాను. అక్కడ 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది అక్షరం రాని దళిత మహిళలు. 1990ల చివర్లో వాళ్లు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెట్టి తీస్తే, దానికి వాళ్లు పెట్టుకున్న పేరు సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు కనుక ఆ పేరు. ఏ పుస్తకంలోంచో తెచ్చిన పదం అయితే నెలకే మరిచిపోయేవాళ్లు. తమ కూర్చునే తీరులోంచి పుట్టిన మాట కాబట్టి పరికరం వాళ్ల సొంతమైంది.

రేడియో కథ ఇంకా పెద్దది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. యునెస్కో సాయంతో ఆ సంఘాల మహిళలు అక్కడి మాచనూరులో స్టూడియో కట్టుకున్నారు. లైసెన్సు మాత్రం రాలేదు. అయినా వాళ్లు ఆగలేదు. కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించారు, ఏళ్ల తరబడి. 2006 కమ్యూనిటీ రేడియో విధానం స్వచ్ఛంద సంస్థలకు దారి తెరిచాక, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం మొదలైంది. దేశంలో స్వచ్ఛంద సంస్థ చేతుల మీద నడిచిన తొలి కమ్యూనిటీ రేడియో అది. లైసెన్సు వచ్చేనాటికి మైకు ముందు మాట్లాడేవాళ్లు, మీటలు నొక్కేవాళ్లు, కార్యక్రమం కూర్చేవాళ్లు అంతా సిద్ధంగా ఉన్నారు. మనవాళ్లు ఈ వరుసను తలకిందులు చేస్తున్నారు. ముందు పరికరం వస్తుంది, ఫోటో దిగుతారు, నేర్పే మనిషి ఎప్పటికీ రాడు.

మన మండలంలో సాంకేతికత నిలబడిన చోటు ఒకటుంది, మహిళా సంఘాలు. 2011లో ఏర్పడిన స్త్రీనిధి, ఫోన్ ద్వారా అడిగితే 48 గంటల్లో సంఘానికి అప్పు అందించే పద్ధతి తెచ్చింది. దాన్ని సాంకేతిక విజయమని పొగిడారు. పొగడాల్సిందే. కానీ ఫోన్‌కూ సభ్యురాలికీ మధ్య గ్రామ సంఘం సహాయకురాలు, అంటే వీవోఏ ఉంది. పొదుపు లెక్క రాసేది, బ్యాంకుకు తోడు వెళ్లేది, కిస్తీ తప్పితే ఎందుకు తప్పిందో తెలిసి ఉండేది ఆమె. మన సంఘాల మహిళలే తోటివారికి నేర్పే సీఆర్‌పీలై బిహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి, భాష రాకపోయినా అక్కడి ఆడవాళ్లతో నెలల తరబడి ఉండి సంఘాలు పెట్టించారు. పక్కన కూర్చొని నేర్పడం మనం ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేని విద్య. అంతటి పని మోసే వీవోఏలు గౌరవ వేతనం కోసం 2023లో సమ్మెకు దిగాల్సి వచ్చింది. యాప్ తయారీకి డబ్బు ఖర్చు చేయడానికి వెనకాడని వ్యవస్థ, దాన్ని వాడించే మనిషి దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగబడుతుంది. ఈ అన్యాయం నాకు మింగుడుపడదు.

భాష సంగతి కూడా చెప్పాలి. చాలా సంస్థల పాత నివేదికలు, సభ్యుల జాబితాలు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టించినవి. కాగితం మీద ముచ్చటగా ఉంటాయి. అదే ఫైలు ఫోన్‌లో తెరిస్తే ఏవో గుర్తులు, చుక్కలు. వెతికితే పేరు దొరకదు, అతికిస్తే పోర్టల్ తీసుకోదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకునే సాధనాలున్నాయి. అరపూట పని. ఇకముందు యూనికోడ్‌లోనే కొట్టాలన్న తీర్మానం చేసుకోవడానికి అరగంట చాలు. తెలుగులో మాట్లాడితే ఫోన్ తానే రాసిపెడుతోంది. తీర్మానాలు రాయడానికి చదువుకున్న ఒక్కరి కోసం సమావేశమంతా ఎదురుచూడాల్సిన పని ఇకపై లేదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది వాట్సాప్ గ్రూపు. పింఛన్ కోసమో స్కాలర్‌షిప్ కోసమో తెచ్చిన ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్కుల ఫోటోలు, హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్ల పేర్లు సైతం గ్రూపుల్లో తిరుగుతున్నాయి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలూ వెలువడ్డాయి. జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా ఉండొచ్చు. చిన్న సంస్థ మీద అంత పడదు. చట్టం భయం పక్కనపెట్టినా, మనల్ని నమ్మి కాగితం చేతిలో పెట్టిన ముసలమ్మకు దాన్ని కాపాడి ఇవ్వడం మన బాధ్యత.

కాబట్టి నేను అడిగేది ఇది. బీర్కూర్, నస్రుల్లాబాద్, బాన్సువాడ మండలాల సంస్థలకు కలిపి జీతం మీద పనిచేసే ఒక మనిషి కావాలి. బాన్సువాడలో డిగ్రీ చదివిన అమ్మాయిలు, అబ్బాయిలు ఊళ్లలోనే ఉన్నారు. ఇంజినీరు అక్కర్లేదు. తెలుగు టైపింగ్, పోర్టళ్లు, లెక్కల షీట్లు తెలిసి, ఓపికగా రెండోసారి, మూడోసారి చెప్పగలిగితే చాలు. సంస్థలు తలా కొంత వేసుకోవచ్చు. లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాల్సిన కంపెనీలు ఏటా ల్యాప్‌టాప్‌ల బదులు మూడేళ్లు ఆ జీతం ఇస్తే ఇంకా మంచిది. జీతమంటే దాతలు మొహం తిప్పుకుంటారని తెలుసు. గోడ మీద పేరు రాయించుకోవడానికి జీతం పనికిరాదు మరి.

ఆ మనిషి వచ్చిన మొదటి వారంలో ప్రతి సంస్థతో ఒక పని చేయించాలి. సంస్థ కోసం వేరే సిమ్ తీసుకుని, ఆఫీసులో ఉండే ఫోన్‌లో వేయాలి. రీచార్జిని క్యాష్ బుక్కులో ఖర్చుగా రాయాలి. పాస్‌వర్డులు ఒక కవరులో పెట్టి, సీలు వేసి, ఆ కవరు ఎవరి దగ్గర ఉందో తీర్మానాల పుస్తకంలో రాసి, ముగ్గురు సంతకాలు పెట్టాలి. పాత కార్యదర్శికి గల్ఫ్‌కు ఫోన్ చేసి, చివరిసారిగా ఓటీపీ చెప్పించుకుని, నంబరు మార్పించాలి.