టైటానియం మోజులో టైరును మరిచారు

ఢిల్లీ చుట్టుపక్కల సైకిలు తొక్కే మనవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. బైక్‌ప్యాకింగ్‌కి టైటానియం సైకిలు ఉండి తీరాలని మీకు ఎవరు చెప్పినా సరే, వాళ్లు మీకు సరుకు అంటగడుతున్నారు. గురుగ్రామ్‌లో, నోయిడాలో, ద్వారకలో ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుర్రాళ్లు పొలిమేర దాటి ఒక్క రాత్రి కూడా బయట పడుకోకముందే లక్షల రూపాయల ఫ్రేముకు వాయిదాలు కట్టడం మొదలుపెడుతున్నారు. సామాను సైకిలుకే కట్టుకుని, చీకటి పడిన చోట టెంట్ వేసుకుని, మట్టిదారుల్లో, కొండల్లో రోజుల తరబడి తిరగడం మనిషికి దొరికే గొప్ప స్వేచ్ఛల్లో ఒకటి. ఆ స్వేచ్ఛను ఒక లోహం ధరకు తాకట్టు పెట్టిస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది.

టైటానియం అమ్మేవాళ్లు మూడు మాటలు చెబుతారు: తేలిక, మెత్తదనం, మన్నిక. మూడింటినీ లెక్కలోకి దింపుదాం.

మొదట తేలిక. టైటానియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 4.5 గ్రాములు, ఉక్కుది దాదాపు 7.8. ఇందులో అబద్ధం లేదు. కానీ మనం తొక్కేది లోహపు దిమ్మెను కాదు కదా. మంచి క్రోమోలీ ఉక్కు ఫ్రేముకూ, అదే కొలతలో చేసిన టైటానియం ఫ్రేముకూ తేడా సుమారు ఒక కిలో. చాలాసార్లు అంతకూడా ఉండదు. మనిషి 70 కిలోలు, సైకిలు 13, టెంటూ బట్టలూ వంటసామానూ కలిపి 10, నీళ్లు 3 అనుకోండి. మొత్తం 96 కిలోలు. అందులో ఒక కిలో అంటే నూటికి ఒకటి. మూడు గంటలు పట్టే ఘాట్ రోడ్డు ఎక్కుడులో దానివల్ల కలిసొచ్చేది రెండు నిమిషాలలోపే. ఆ కిలో ఒక లీటరు నీళ్ల బరువు. మే నెల ఎండలో అరావళి గుట్టల్లో తిరిగేవాడు ఎవడైనా ఆ నీళ్లు పారబోసి తేలికపడతాడా? పారబోయడు. మరి అదే కిలో కోసం ఏడాది పొదుపును ఎందుకు పారబోస్తున్నాడు?

తర్వాత మెత్తదనం. ఉక్కుతో పోలిస్తే టైటానియం దాదాపు రెట్టింపు వంగే గుణమున్న లోహం. అందుకే ఫ్రేము ఊగిపోకుండా తయారీదారులు గొట్టాల లావు పెంచుతారు, దాంతో పోయిన బిగువు చాలావరకు తిరిగొస్తుంది. పైగా త్రికోణాలుగా అతికిన ఏ ఫ్రేమైనా నిలువుగా వంగేది మిల్లీమీటరు లెక్కలోనే. అదే 2.2 అంగుళాల టైరులో గాలి కాస్త తగ్గించి తొక్కండి. రాయి తగిలినప్పుడు ఆ టైరు సెంటీమీటరు దాకా నొక్కుకుంటుంది. నడుమును కాపాడేది ఆ నొక్కుడే. సన్నటి టైరు తప్ప పట్టని టైటానియం ఫ్రేము కొని ఒళ్లునొప్పులు తగ్గుతాయని నమ్మడం, చెప్పు కరుస్తుంటే కిరీటం కొనుక్కోవడం లాంటిది.

చివరిది మన్నిక. టైటానియం తుప్పు పట్టదు, రంగు అక్కర్లేదు, రైలు పార్సిల్లో గీతలు పడ్డా బస్సు టాపు మీద ఒరుసుకున్నా రుద్దితే చాలావరకు పోతాయి. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ అతుకుల దగ్గర టైటానియం కూడా పగులుతుంది. పగిలితే ఏం చేస్తారు? బాగా వేడెక్కిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని పెళుసుబారుతుంది. కాబట్టి గొట్టం లోపలా బయటా ఆర్గాన్ వాయువు కమ్మి ఉండగా అతకాలి. ఆ సరంజామా, ఆ చేయి హిమాలయాల్లో, స్పితిలోని కాజాలో దొరకవు. ఢిల్లీలో కూడా వెతుక్కోవాలి. ఉక్కు గొట్టం పగిలితే ట్రాక్టర్ ట్రాలీలు అతికే షాపులో ఒక అతుకు వేయించుకుని, అందంగా లేకపోయినా, ఇంటికి చేరవచ్చు. ఇల్లూ ఊరూ వదిలి దూరం పోయే సైకిలుకు మన్నిక అంటే ఎన్నేళ్లు విరగదని మాత్రమే కాదు. విరిగిన చోట ఎవరు బాగుచేస్తారన్నది కూడా.

ఈ మూడు మాటల సందడిలో అసలు అడగాల్సినవి ఎవరూ అడగడం లేదు. ఢిల్లీ నుంచి బయలుదేరేవాడికి రెండు రకాల నేలలున్నాయి. ఒకటి గ్వాల్ పహాడీ, మాంగర్, దమ్‌దమా వైపు పరుచుకున్న అరావళి. పదునైన తెల్లరాళ్లు, చక్రం దిగబడే ఇసుక, అడుగడుగునా మన సర్కారు తుమ్మ. ఇక్కడ దాన్నే విలాయతీ కీకర్ అంటారు, ముల్లు మాత్రం ఒకటే. రెండోది హిమాలయం. గ్రాంఫూ నుంచి బాతల్ మీదుగా సుమారు 4,550 మీటర్ల ఎత్తున్న కుంజుమ్ కనుమకు పోయే దారిలో ఏళ్లుగా జనం తొక్కుతున్నది వాగులు అడ్డం పారే రాళ్ల కుప్పలనే. ఈ రెండు నేలలూ మీ ఫ్రేము ఏ లోహమని అడగవు. టైరు ఎంత వెడల్పని అడుగుతాయి.

అందుకే మొదటి ప్రశ్న టైరుకు చోటెంత అనే. ఆల్ టెర్రైన్ అని పేరు పెట్టి, 40 మిల్లీమీటర్లకు మించి టైరు పట్టని ఫ్రేమును అమ్మడం మోసం. 29 అంగుళాల చక్రానికి కనీసం 2.2 అంగుళాల టైరు పట్టాలి, దాని పక్కన బురద జారిపోవడానికి కూడా సందు మిగలాలి. ట్యూబ్ లేకుండా లోపల సీలెంట్ పోసి తొక్కితే తుమ్మముల్లు చేసిన చిల్లులు చాలావరకు వాటంతట అవే పూడుకుంటాయి. కొనే ఫ్రేములో మొదట కొలవాల్సింది వెనక చక్రం పక్కనున్న ఆ ఖాళీని.

రెండో ప్రశ్న గేరు. ముందు 40 పళ్లు, వెనక పెద్ద గేరుకు 42 పళ్లు ఉన్న సైకిలు, పెడలు ఒక చుట్టు తిప్పితే సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. ఖాళీ సైకిలుతో ఉదయం పూట షికారుకు అది చాలు. 13 కిలోల సామానుతో, గాలి పలచబడిన కనుమ మీద అది మోకాళ్లను తినేస్తుంది. ముందు 32, వెనక 51 ఉంటే అదే చుట్టుకు కదిలేది సుమారు 1.4 మీటర్లు. మెల్లగా పోతారు, కానీ దిగి తోయకుండా పోతారు. ఫ్రేములో ఆదా అయ్యే కిలో ఎక్కుడులో ఒక శాతం ఇస్తే, ఈ గేరు ప్రతి చుట్టుకూ మూడో వంతు భారం తగ్గిస్తుంది. ఖర్చులో తేడా ఎంతో మీరే లెక్కేసుకోండి.

మిగతావి త్వరగా చెబుతాను. ఫోర్కు రెండు కాళ్లకూ సీసాలు, సంచులు బిగించే బోల్టు రంధ్రాలు ఉండాలి. పెడళ్ల ఇరుసు కూర్చునే చోట మరతో బిగించే పాత రకం బాటమ్ బ్రాకెట్ ఉండాలి, అది ఏ ఊరి మెకానిక్‌కైనా చేతిలో పని. డిస్క్ బ్రేకులు ఉండాలి. గేరు మార్చే యంత్రాన్ని పట్టి ఉంచే హ్యాంగర్ విడిగా దొరికేదై, ఒకటి అదనంగా మీ సంచిలో ఉండాలి. ప్రయాణంలో విరిగేవి ఇవే: హ్యాంగర్, స్పోకులు, వెనక హబ్బు. ఇవి మన ఝండేవాలాన్ సైకిల్ మార్కెట్‌లో దొరుకుతాయా లేదా అన్నదే సైకిలు ఎంపికలో చివరి పరీక్ష.

ఉక్కు సైకిలంటే పేదవాడి సరుకన్న చిన్నచూపు ఒకటుంది. ఈ మోజుకు వేరు అక్కడే ఉంది. ఆ చిన్నచూపు చూసేవాళ్లకు ఎన్‌సీఆర్ చరిత్ర తెలియదు. ఇక్కడి సోనిపత్‌లో 1951లో అట్లాస్ సైకిళ్ల తయారీ మొదలైంది. పాలవాడు, పోస్ట్‌మన్, బడిపిల్లాడు, కూలీ, దేశం సగం ఆ ఉక్కు మీదే కదిలింది. ఘజియాబాద్ దగ్గర సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, పని ఆపేసింది. వందలమంది కార్మికులు గేటు బయట నిలబడ్డారు. విదేశీ ఫ్రేము గొట్టాల మందం గురించి గంటలు మాట్లాడే మనం ఆ రోజు ఏం మాట్లాడాం?

దానికి కొన్ని వారాల ముందు, ఆ ఏటి కోవిడ్ లాక్‌డౌన్‌లో, గాయపడి పనికి పోలేని తండ్రిని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని పదిహేనేళ్ల అమ్మాయి గురుగ్రామ్ నుంచి బిహార్‌లోని దర్భంగా జిల్లాకు సుమారు 1,200 కిలోమీటర్లు తొక్కింది. పాత సైకిలు, ఒక్క గేరు, మామూలు ఉక్కు. ఆ ప్రయాణాన్ని సాహసక్రీడగా పొగిడినవాళ్లను నేను క్షమించలేను. ఆకలికి, అద్దెకు, అధికారుల నిర్లక్ష్యానికి తరిమివేయబడిన బిడ్డ అది. ఆమె కష్టం మనకు పాఠం కావడానికి పడింది కాదు. కానీ ఆమె తొక్కిన దారి తెలిసిన తరువాత కూడా టైటానియం లేకపోతే దూరం పోలేమనే మాట నోట రావడానికి సిగ్గుపడాలి.

టైటానియం ఏదో పరాయి దేశపు మంత్రలోహమన్న భ్రమ కూడా తెలుగువాడికి తగదు. టైటానియానికి మూలమైన ఇల్మెనైట్ మన భీమునిపట్నం తీరపు ఇసుకలో ఉంది. కేరళలోని చవరలో 2011లో మొదలైన టైటానియం స్పాంజ్ కర్మాగారం నడిచేది హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ రూపొందించిన పరిజ్ఞానంతో. 1973లో పుట్టిన మన కంచన్‌బాగ్ మిధాని టైటానియం మిశ్రమాలు చేస్తుంది. నూటికి 3 పాళ్లు అల్యూమినియం, 2.5 పాళ్లు వెనేడియం కలిపిన మిశ్రమంతోనే టైటానియం సైకిలు గొట్టాలు ఎక్కువగా చేస్తారు. అది మొదట విమానాల హైడ్రాలిక్ గొట్టాల కోసం పుట్టింది. ఆ మిశ్రమపు అతుకులేని గొట్టాలను తేజస్ యుద్ధవిమానం కోసం తీసింది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. ఇసుక మనది, పరిజ్ఞానం మనది, గొట్టం తీసిన చెయ్యి మనది. సైకిలు దగ్గరకు వచ్చేసరికి మాత్రం విదేశీ పేరు అతికించిన ఫ్రేము ముందు చేతులు కట్టుకుని నిలబడతాం. సైకిళ్ల మీద దిగుమతి సుంకాన్ని 2023 బడ్జెట్ 30 నుంచి 35 శాతానికి పెంచింది. సుంకం గోడ కట్టగానే సరిపోదు. గోడ లోపల మంచి సైకిలు తయారు కావాలి. విమానానికి సరిపోయే లోహవిద్య ఉన్న దేశంలో లూధియానా కర్మాగారాలు వెడల్పు టైరు పట్టే ఒక మంచి క్రోమోలీ ఫ్రేమును సామాన్యుడి ధరకు ఎందుకు ఇవ్వలేవు? ఇవ్వగలవు. అడిగేవాళ్లమంతా లోహం పేరు దగ్గర ఆగిపోయాం కాబట్టి ఇవ్వడం లేదు.

ఇంకో సంగతి. సైకిలు ప్రయాణం ఇంటి గేటు దగ్గరే మొదలవ్వాలి. ఢిల్లీలో అది కుదరదు. లక్షల సైకిలును కారు మీద కట్టుకుని, ఊరు దాటాక దించుకుని తొక్కుతున్నారు. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 2008లో తెరిచిన, బస్సుల కోసం వేరుచేసిన బీఆర్‌టీ మార్గంలో సైకిళ్లకు విడిగా దారి ఉండేది. కార్లవాళ్ల గోలకు తలొగ్గి 2016లో ఆ మార్గాన్నే కూల్చడం మొదలుపెట్టారు. 2013లో పర్యావరణవేత్త సునీతా నారాయణ్‌ను ఎయిమ్స్ దగ్గర, సైకిలు మీద పోతుండగా, కారు గుద్ది వెళ్లిపోయింది. ఆమె రెండు చేతులూ విరిగాయి. అంత పేరున్న మనిషికే అలా జరిగితే, రోజూ పొద్దున్నే ఓఖ్లా ఫ్యాక్టరీలకు తొక్కుకుంటూ పోయే కార్మికుడి సంగతి ఏమిటి? ఫ్రేము కోసం పెట్టే డబ్బులో, ఆరాటంలో పదో వంతు ఈ దారుల కోసం పెట్టి ఉంటే మనం కారు టాపు మీద సైకిలు కట్టుకోవాల్సిన గతి పట్టేది కాదు.

టైటానియం ఎవరూ కొనకూడదని నేను అనను. విశాఖ, కాకినాడల్లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉండేవాళ్లకు తుప్పు పట్టని లోహం నిజంగా మేలు చేస్తుంది. మామూలు కొలతలు సరిపోని ఒంటితీరు ఉండి, కొలిచి చేయించుకుని, పాతికేళ్లు అదే తొక్కాలనుకునేవాళ్లకూ అది సబబే. కానీ అలాంటివాడు కూడా మొదట టైరు చోటు, గేరు, బోల్టులు, హ్యాంగర్ చూసుకుని ఆ తర్వాతే లోహం దగ్గరకు రావాలి. అప్పు చేసి కొనడానికి మాత్రం ఏ సబబూ లేదు.

కాబట్టి రేపు దుకాణానికి వెళ్తే ఫ్రేము ఎంత బరువని అడగకండి. ఎంత వెడల్పు టైరు పడుతుంది, అన్నిటికన్నా చిన్న గేరు ఏది, హ్యాంగర్ విడిగా ఇస్తారా, అతుకు పగిలితే ఎవరు వేస్తారు అని అడగండి. జవాబు చెప్పలేని దుకాణం నుంచి లేచి వచ్చేయండి. జవాబు ఉన్న ఉక్కు సైకిలు కొనుక్కోండి. మిగిలిన డబ్బును సెలవుల మీద, రైలు టికెట్ల మీద, దారిలో తిండి మీద ఖర్చు పెట్టండి. కర్మాగారాలను మంచి ఫ్రేము చేయమని నిలదీయండి, సర్కారును సైకిలు దారి వేయమని నిలదీయండి. ఈ రెండు పనులూ చేయకుండా ఎంత విలువైన లోహం కొన్నా, మీరు కొనుక్కున్నది గోడకు తగిలించుకునే వస్తువే.