సీసా మారినదా, మందు మారినదా?

"మందు కల్తీది, పురుగు చావలేదు" అని పలమనేరు ప్రాంతపు టమాటా రైతులు మాతో చెప్పుచుందురు. తప్పు ఎల్లప్పుడును మందులోనే ఉండదు. మన కాలేయము విషమును విరిచినట్లే, కాయను తొలుచు శనగపచ్చ పురుగు శరీరములోను మందును విరిచివేయు ఎంజైములు గలవు. అవి మెండుగా నున్న పురుగులే పిచికారీకి తట్టుకొని మిగులును. వాని సంతతియే తోట నిండును. మోతాదు పెంచినకొలది మొండి పురుగులను మనమే ఏరి పెంచినవార మగుదుము.

1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు పైరెత్రాయిడ్ మందులు ఎన్నిమార్లు చల్లినను ఈ పురుగే లొంగలేదు. పంట పోయి, అప్పు మిగిలినది. ఆ మూల్యము మనము మరల చెల్లించనేల?

సైపర్‌మెత్రిన్ మాని డెల్టామెత్రిన్ కొన్నచో సీసా మారినదే గాని మందు మారలేదు. రెండును ఒకే వర్గమువి. కావున కొనునపుడు మందు పేరుతో పాటు వర్గమును కూడ అడుగుడు. 16 సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి నాటుడు. తల్లిపురుగు గ్రుడ్లు బంతిపైననే ఎక్కువగా పెట్టును. పుచ్చుకాయలను ఏరివేయుడు. మందు చివరి ఆయుధము, దానిని మొద్దుబారనీయకుడు.