అరకు దాటని యాత్ర ఎవరి కోసం?

విశాఖ బీచ్ రోడ్డులో జెండా ఊపించుకుని, శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కి, వలిసె పూల మధ్య ఫొటోలు దిగి, అరకులో బొంగులో చికెన్ తిని మర్నాటికి ఇల్లు చేరే యాత్రకు అవయవదానం పేరు తగిలిస్తే అది సేవ అయిపోతుందా? కాదనే మా అభిప్రాయం. సైకిల్ మీదైనా బైకు మీదైనా అవయవ మార్పిడి రోగుల కోసం దూరయాత్ర తలపెట్టేవారిని నిరుత్సాహపరచాలని ఈ మాట అనడం లేదు. విశాఖ నుంచి అరకుకు సుమారు 115 కిలోమీటర్లు. బొడ్డవర దాటాక మొదలయ్యే మలుపుల్లో సైకిల్ తొక్కేవాడికి పిక్కలు పట్టేస్తాయి. ఆ చెమటకు విలువ ఉంది. ఆ విలువ ఎవరి ఖాతాలో పడుతోందన్నదే పేచీ. కొండెక్కి వచ్చినవారు అవయవాలు ఇమ్మని గిరిజనుడిని అడగడానికే వస్తే, అవయవం కోసం ఎదురుచూసే గిరిజనుడి ఊసు ఎత్తేదెవరు?

యాత్రలవల్ల ఏమొస్తుందని పెదవి విరిచేవారితో మేము ఏకీభవించం. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా రైతు ఒకాయన 2000లో ఓ జవానుకు కిడ్నీ ఇచ్చారు. అరవై ఏడేళ్ల వయసులో, 2018లో, మోటారు సైకిలెక్కి దేశమంతా సుమారు పది వేల కిలోమీటర్లు తిరిగారు. ఒక కిడ్నీ ఇచ్చేస్తే మనిషి మంచాన పడతాడన్న భయానికి ఆ బండి చప్పుడును మించిన జవాబు ఏ కరపత్రంలోనూ దొరకదు. సోదరుడికి 2014లో కిడ్నీ ఇచ్చిన బెంగళూరువాసి అనిల్ శ్రీవత్స నలభైకి పైగా దేశాలు కారులో చుట్టి ఇదే చెబుతున్నారు. నోటిమాటకు, కళ్లెదుట నిలబడ్డ మనిషికి ఉన్న బలం అది.

మరి దేశంలో పరిస్థితి? 2023లో మన దేశంలో 18,378 అవయవ మార్పిడులు జరిగాయి. మరణించాక అవయవాలిచ్చిన దాతలు మాత్రం 1,099 మందే. అందులో ఒక్క తెలంగాణ వాటాయే 252. మిగిలిన భారమంతా బతికున్న బంధువులది, అందులోనూ ఆడవాళ్లది. బతికుండగా అవయవమిచ్చినవారిలో ఎక్కువమంది స్త్రీలే. 1995 నుంచి 2021 దాకా లెక్క తీస్తే పుచ్చుకున్న ప్రతి అయిదుగురిలో నలుగురు పురుషులే. బ్రెయిన్ డెడ్ అయినవారి కుటుంబాలు ముందుకొస్తే ఈ భారం తగ్గుతుంది. కాబట్టి ప్రచారం కావాల్సిందే.

కానీ మన్యంలో ఆ ప్రచారాన్ని తలకిందులుగా చేస్తున్నారు. వారపు సంతలో బల్ల వేసుకుని, నాలుగు మాటలు చెప్పి, ప్రతిజ్ఞాపత్రాల మీద వేలిముద్రలు తీసుకుంటే ఒరిగేదేమిటి? బ్రెయిన్ డెడ్ అని తేల్చాలంటే మనిషి ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉండాలి. నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. ఇంట్లోనో దారిలోనో పోయిన మనిషి కళ్లు పనికొస్తాయి గానీ గుండె, కాలేయం, కిడ్నీలు పనికిరావు. పైగా, చట్టంలో ఏమున్నా, కుటుంబం సంతకం లేనిదే ఆచరణలో ఏ ఆస్పత్రీ ముందుకు వెళ్లదు. తలకు దెబ్బ తగిలిన మనిషిని డోలీలో మోసుకుని రోడ్డు దాకా తేవాల్సిన గూడెంలో ప్రతిజ్ఞాపత్రం ఎవరి కోసం? ఆ మనిషి దాత కావడం తర్వాతి మాట. ముందు అతను సకాలంలో ఆస్పత్రి చేరి బతకాలి. కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడే ఇళ్లలో తెలుగు ఫారం మీద పడిన వేలిముద్రను అంగీకారమని లెక్కవేయడం మరీ అన్యాయం. ఏజెన్సీలో ఈ ఫారాల లెక్కలు ప్రకటించుకోవడం ఆపేయాలని నిర్వాహకులను కోరుతున్నాం.

ఇక రెండో వైపు చూద్దాం. కిడ్నీలు పాడైన మనిషికి మార్పిడి దొరికేదాకా డయాలసిసే ఆధారం. మామూలుగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. రోడ్డుకు దూరంగా ఉన్న కొండ మీది ఊరివాడైతే తెల్లవారకముందే దిగి నడవాలి. కిక్కిరిసిన జీపులో ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతిని ఎవరూ ఒత్తకుండా గుండెలకు ఆనించుకుని కూర్చోవాలి. ఆ చెయ్యి నలిగినా, దానితో బరువెత్తినా రక్తనాళం మూసుకుపోయే ప్రమాదముంది. అప్పుడు సూది గుచ్చడానికి మళ్లీ కొత్త చోటు వెతకాలి. దాహమేసినా నీళ్లు కొలుచుకునే తాగాలి. యంత్రం మీంచి లేచాక రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతుంటే మళ్లీ అదే జీపు, అదే నడక. తోడొచ్చిన భార్యకో కొడుక్కో ఆ రోజు కూలి పోయినట్టే. ఇలా వారానికి మూడు రోజులు పోతే పోడు ఎవరు చూస్తారు, కాఫీ పళ్లు ఎవరు కోస్తారు? మధ్యలో మానేసేవారు ఇష్టపడి మానేస్తారా?

మార్పిడి కోసం రాష్ట్ర అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్ జాబితాలో పేరు నమోదు కావాలంటే ఇంకో గండం దాటాలి. మార్పిడి చేసే ఆస్పత్రిలో పరీక్షలన్నీ పూర్తయి, ఆ ఆస్పత్రి ద్వారానే పేరు ఎక్కాలి. మన్యం మనిషి అందుకోసం నగరం చుట్టూ తిరగాలి. పేరు ఎక్కిందే అనుకుందాం. దాత దొరికిన రాత్రి ఫోను మోగుతుంది. సిగ్నల్ లేని ఊళ్లో ఆ ఫోను ఎవరు ఎత్తుతారు? ఎత్తినా, ముంచింగిపుట్టు అవతలి నుంచి అర్ధరాత్రి విశాఖ చేరేదెలా? కిడ్నీని బయట నిల్వ ఉంచగలిగేది ఇరవై నాలుగు గంటలు, మహా అయితే ఇంకాస్త. రక్త నమూనాలు సరిపోల్చుకోవడానికి, ఆపరేషన్‌కు సిద్ధం చేయడానికి పోయే సమయం అందులోదే. రాలేనివాడి వంతు తర్వాతివాడికి పోతుంది. తప్పు ఎవరిదీ కాదు, నష్టం మాత్రం ఎప్పుడూ దూరాన ఉన్నవాడిదే.

అవయవం కోసం మనం ఎంత పరుగెత్తుతామో చూడండి. 2023 జనవరిలో విశాఖలో సేకరించిన గుండెను విమానంలో తరలించి తిరుపతి శ్రీ పద్మావతి హృదయాలయంలో అమర్చారు. బయటికి తీసిన గుండె సుమారు నాలుగు గంటల్లో మళ్లీ కొట్టుకోవాలి గనుక గ్రీన్ ఛానల్ పెట్టి, పోలీసులు కూడళ్లలో ట్రాఫిక్ ఆపి దారి ఇస్తారు. గర్వించాల్సిన విషయమే. మరి గుండెకు, కిడ్నీకి ఇచ్చే ఈ దారి వాటి కోసం ఎదురుచూసే మనిషికి ఎందుకు లేదు? 108 సర్వీసు ఉంది. ఏజెన్సీలో రోడ్లు లేని ఊళ్ల కోసం 2018లో ఐటీడీఏ ప్రాంతాలకు ఇచ్చిన 122 ఫీడర్ అంబులెన్సులున్నాయి. మోటారు సైకిల్‌కు పక్కన తొట్టెలాంటి పడక బిగించిన ఆ బండ్లు గర్భిణులను, జ్వరపీడితులను గూడేల నుంచి 108 ఆగేచోటికి దించడానికి వచ్చినవి. మార్పిడి పిలుపు వచ్చిన రోగిని దించడం కూడా వాటి విధుల్లో చేర్చడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు. ఒక్క ఉత్తర్వు చాలు. అంబులెన్సులు నడిచే స్థితిలో ఉండాలి, డ్రైవర్లకు జీతాలు అందాలి, అంతే. అరకుకు బైకుల మీద వచ్చేవారు తమ ఖరీదైన బండ్లను ఆ ఫీడర్ అంబులెన్సు పక్కన నిలిపి ఒకసారి చూసుకుంటే, సేవ అన్నమాటకు మన్యంలో ఏ రూపం కావాలో బోధపడుతుంది.

మార్పిడి జరిగినంత మాత్రాన కథ ముగియదు. టాక్రోలిమస్ వంటి మందులు బతికినన్నాళ్లూ వేసుకోవాలి. ఒంట్లో ఆ మందు మోతాదు ఎంతుందో మొదటి నెలల్లో తరచూ రక్తపరీక్ష చేయించాలి. మందు తగ్గితే శరీరం కొత్త కిడ్నీని తిప్పికొడుతుంది, ఎక్కువైతే చిన్న జలుబూ ప్రాణం మీదికొస్తుంది. మార్పిడి చేయించుకున్నవారికి, డయాలసిస్ రోగులకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు రూ. 10,000 పింఛను ఇస్తోంది. మెచ్చుకోదగ్గదే. అయితే ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు ఆస్పత్రికి దగ్గరలో ఉండమంటే విశాఖలో గది అద్దె, తోడున్నవారి భోజనం, ఇంటి దగ్గర పిల్లల తిండి అందులోంచే రావాలి. యాత్రల్లో పోగయ్యే విరాళాల డబ్బు చేరాల్సింది సరిగ్గా ఇక్కడికి. ఆస్పత్రి దగ్గర మన్యం రోగులకు రెండు గదులు అద్దెకు తీసుకుంటే చాలు, ఆ యాత్రలో తొక్కిన ప్రతి కిలోమీటరూ సార్థకం. విదేశాల్లో ఇలాంటి యాత్రలు చేసేవారు ముందుగానే విరాళాలిచ్చేవారిని కూడగట్టి, ఎంత వచ్చింది, ఎక్కడికి పోయింది అని లెక్క చెబుతారు. మన దగ్గర టీషర్టులు, ఫ్లెక్సీలు, డ్రోన్ వీడియోకు పోగా ఎంత మిగిలిందో అడిగే అలవాటు లేదు. అడగాలి. నెల తిరక్కుండా లెక్క బయటపెట్టని యాత్రకు జెండా ఊపడానికి ఏ మంత్రీ, ఏ కలెక్టరూ వెళ్లకూడదు.

అరకు దారి పెందుర్తి మీదుగానే పోతుంది. 2023 ఏప్రిల్‌లో అక్కడి ఒక ఆస్పత్రిలో అనుమతులు లేకుండా కిడ్నీ మార్పిడి చేసిన సంగతి బయటపడింది. అప్పుల్లో ఉన్న ఓ యువకుడికి ఎనిమిదిన్నర లక్షలు ఆశ చూపి, చేతిలో రెండున్నర లక్షలు పెట్టారని కేసు. అవయవాల వ్యాపారానికి అయిదు నుంచి పదేళ్ల జైలు, రూ. 20 లక్షల నుంచి కోటి దాకా జరిమానా అని 2011 సవరణ చట్టం చెబుతున్నా దళారులు భయపడటం లేదు. నగరంలో పనిచేసుకునే యువకుడినే బుట్టలో వేసినవారికి కూలి పనుల కోసం కొండ దిగే గిరిజన యువత ఎంత? అందుకే అవయవం ఇవ్వడం గొప్పదని చెప్పే నోటితోనే అమ్మడం నేరమనీ, డబ్బు ఆశ చూపినవాడి పేరు పోలీసులకు చెప్పాలనీ సంతలో చెప్పాలి. మొదటిదే చెప్పి రెండోది మింగేస్తే యాత్ర దళారికి దారి చేసినట్టవుతుంది.

బైకు ర్యాలీల వారికి ప్రత్యేకంగా ఒక మాట. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి దాదాపు నలభై నాలుగు మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. తమిళనాడులో అవయవదానానికి ఊపు తెచ్చిన 2008 నాటి ఘటన కూడా ఒక కుర్రాడి బైకు ప్రమాదమే. వైద్యులైన అతని తల్లిదండ్రులు ఆ దుఃఖంలోనూ కొడుకు అవయవాలిచ్చారు. హెల్మెట్ లేకుండా, ఇద్దరెక్కాల్సిన బండి మీద ముగ్గురెక్కి, గాలికొండ మలుపుల్లో హారన్లు మోగిస్తూ అవయవదానం గురించి నినాదాలివ్వడం కన్నా వికారం మరొకటి లేదు. హెల్మెట్ లేనివారిని బయల్దేరేచోటే వెనక్కి పంపండి.

ఇది కిడ్నీలతో ఆగే సమస్య కాదు. మన్యంలో సికిల్‌సెల్ ఉంది. కొన్నేళ్లపాటు ముదిరితే కిడ్నీలను కూడా దెబ్బతీసే జబ్బు. దీనికి ఎముక మజ్జ మార్పిడి ఒక పరిష్కారం. సరిపోయే దాత సాధారణంగా తోబుట్టువుల్లోనే దొరకాలి. 2023 జులై 1న కేంద్రం జాతీయ కార్యక్రమం ప్రారంభించి పరీక్షలు చేయిస్తోంది. పరీక్షలో తేలిన పిల్లల్లో ఎందరిని మజ్జ మార్పిడి చేసే పెద్దాస్పత్రి దాకా తీసుకెళ్లారు?

కిడ్నీ జబ్బులు కుంగదీసిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం చాలా ఏళ్లు మొరపెట్టుకున్నాకే పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరుచుకున్నాయి. ఉద్దానం ఊళ్లకు రోడ్డుంది, మాట్లాడే నేతలున్నారు, పత్రికలు వెళ్లగలవు. కొండ మీది రోగి ఒక్కో ఊళ్లో ఒక్కడు. ఒక్కడి గొంతు జిల్లా కేంద్రం పాడేరు దాకా కూడా రాదు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో మొదలైన ‘అడవి తల్లి బాట’ కింద 625 గిరిజన ఆవాసాలకు వెయ్యి కోట్లకు పైగా ఖర్చుతో రోడ్లు వేస్తామన్నారు. అవి గడువులోగా పూర్తయితే ఈ సంపాదకీయంలో సగం అనవసరమవుతుంది. దాతృత్వం ప్రభుత్వం పనికి బదులు కాదు. గిరిజనుడు ఫిస్టులా చెయ్యి పట్టుకుని ఘాట్ దిగకుండా డయాలసిస్ పడకలు, వాటికి శుద్ధి చేసిన నీరు, సెలవు పెట్టి వెళ్లిపోని టెక్నీషియన్లు మన్యంలోనే ఉండేలా చూడటం సర్కారు బాధ్యత. పేదవాడు వెళ్లే ప్రభుత్వ ఆస్పత్రుల్లో మార్పిడి శస్త్రచికిత్సలు వార్త కాకుండా రోజువారీ పని కావడం కూడా దాని బాధ్యతే.

దేశంలో తొలి గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. చేసిన డాక్టర్ వేణుగోపాల్ రాజమహేంద్రవరంలో పుట్టినవారు. ఆ రోజునే ఇప్పుడు అవయవదాన దినంగా జరుపుతున్నారు. ఆ రోజు ర్యాలీలతో పాటు ప్రభుత్వం ఒక కాగితం విడుదల చేయాలి: జీవన్‌దాన్ నిరీక్షణ జాబితాలో మన్యం జిల్లాలవారు ఎందరు, వారిలో షెడ్యూల్డు తెగలవారు ఎందరు, పిలుపు వచ్చి చేరుకోలేకపోయినవారు ఎందరు, మార్పిడి జరిగినవారు ఎందరు. యాత్ర నిర్వాహకులు అరకులో ఆగిపోకుండా ఆ కాగితం పట్టుకుని పాడేరు, చింతపల్లి, ముంచింగిపుట్టు దాకా వెళ్లాలి.