పడుట నేర్చినవాడే పడవేయగలడు

జూడో అనగానే మన విద్యార్థుల మనస్సులలో మెదలునది ఎదుటివానిని ఎత్తి పడవేయుటయే. కాని ఆ విద్యలో మొదటి పాఠము పడుట. గడ్డమును రొమ్మునకు చేర్చి, తల నేలకు తగులకుండ, చాచిన చేతితో పరుపును చరచి దెబ్బను చెదరగొట్టుటకే 'ఉకెమి' అని పేరు. ప్రత్యర్థి తూకము తప్పించుట, తాను అదనుకు చేరుట, విసరుట అను మూడు మెట్లు ఆ తరువాతివి. ఓటమి నొప్పుకొని అతడు చేతితో తట్టిన తక్షణమే పట్టు విడువవలెను. బలముతోపాటు నిగ్రహమును నేర్పుటయే దీని గొప్పతనము.

1882లో టోక్యోలో జిగొరో కానో నెలకొల్పిన ఈ విద్యను, 1929లో తకగాకి అను గురువును రప్పించి రవీంద్రుడు శాంతినికేతనములో ప్రవేశపెట్టెను. అచట బాలికలును అభ్యసించిరి.

మన ఆదిలాబాదు పల్లెలలో కుస్తీకి సైతము ముందు మట్టిని త్రవ్వి మెత్తపరతురు. చదువురాని పహిల్వానుకు తెలిసిన ఈ జాగ్రత్త చదువుల గుడికి తెలియవలదా? గట్టినేలపై విసురులు నేర్పినచో విరుగునది మెడ. మిగులునది తల్లిదండ్రుల దుఃఖము.

ఖర్చు అధికమందురు. అట్లయిన పరుపులు సమకూరువరకు విసురులు నేర్పకుందుము. కప్పులకన్న ముందు పరుపులు కొనవలెననియు, విద్యార్థినులకును వేళ కేటాయింపవలెననియు కళాశాల కమిటీవారికి మనవి. సోదరులారా! గెలుపునకు తొందరపడకుడు; పడి లేచుట ముందు నేర్వుడు.