అడుగు వేసి అడుగుదాం



మన సంఘంలో ప్రార్థనకు కొరత లేదు. ఆదివారం ఆరాధన, బుధవారం గృహకూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉన్నాయి. ఇవి గాక వాట్సాప్ గ్రూపులో రోజూ ప్రార్థన మనవులు వస్తున్నాయి. అందుకు దేవునికి స్తోత్రం. అయితే ఆ మనవులు ఎవరివో ఒకసారి చూడండి. అన్నీ మన కుటుంబాలవి, మన బంధువులవి, మనకు తెలిసినవారివి. మన గల్లీ దాటితే ఎవరి గుండెలో ఏ మొర ఉందో మనకు తెలియదు. తెలియకుండానే "ఈ శ్రీరాంపూర్‌ను దీవించు ప్రభువా" అని ఆమేన్ చెప్పేస్తాము. తెలియనివారి కోసం ప్రార్థించే ముందు వారి దగ్గరకు నడిచి వెళ్లాలి, వారి మనవిని వారి నోటనే వినాలి. ఈ వారం మేము చెప్పదలచింది ఈ ఒక్క మాటే.

దీనికి మన నేల మీదే ఒక సాక్ష్యం ఉంది. 1951 మార్చి 8న ఆచార్య వినోబా భావే వార్ధా దగ్గరి పవనార్ నుండి కాలినడకన బయలుదేరారు. హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో జరిగే సర్వోదయ సమ్మేళనానికి ఆయన చేరాలి. దూరం సుమారు 300 మైళ్లు. రైలు ఉన్నా ఎక్కలేదు. మన పాత ఆదిలాబాద్ జిల్లా మీదుగా, ఊరూరా ఆగుతూ, జనంతో మాట్లాడుతూ నడిచారు. అప్పుడు తెలంగాణ పల్లెల్లో భూమి కోసం సాయుధ పోరాటం నడుస్తున్నది. ఒకవైపు దళాలు, మరోవైపు పోలీసులు. అలాంటి పల్లెల్లోకే, సమ్మేళనం ముగిశాక, ఆయన మళ్లీ నడిచారు.

ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లి చేరి, దళితవాడకు వెళ్లి, వారికి ఏం కావాలో అడిగారు. అక్కడి 40 కుటుంబాలవారు 80 ఎకరాలు కావాలన్నారు. 40 ఎకరాలు తరి, 40 ఎకరాలు ఖుష్కి. ప్రభుత్వానికి రాస్తానని వినోబా మొదట అన్నారు. తర్వాత అక్కడ కూడిన ఊరివారినే, మీలో ఎవరైనా ఇవ్వగలరా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది. తెలంగాణలో ఆ నడక 51 రోజులు సాగింది. దాదాపు 200 ఊళ్లలో సుమారు 12,000 ఎకరాలు దానంగా వచ్చాయి.

ఇందులో మనం గమనించవలసినవి రెండు. ఆ కుటుంబాల మనవికి లెక్క ఉంది. దూరాన ఉండి ప్రార్థిస్తే "పేదలను ఆదుకో ప్రభువా" అనేవాళ్లం. దగ్గరకు వెళ్లి అడిగితే 80 ఎకరాలని, తరి ఎంతో ఖుష్కి ఎంతో కూడా తెలిసింది. రెండోది, దానికి జవాబు ఆ సభలోనే కూర్చుని ఉంది. అడిగేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మన ప్రభువు కూడా నడిచే బోధించాడు. మార్కు సువార్త 10వ అధ్యాయం తీయండి. యెరికో దారి పక్కన బర్తిమయి కేకలు వేస్తుంటే, నోరు మూసుకొమ్మన్నది యేసు వెంట నడిచే జనమే. ప్రభువు ఆగాడు, అతణ్ణి పిలిపించాడు. గుడ్డివాడికి ఏం కావాలో ఆయనకు తెలియదా? అయినా నీకేం చేయాలని అడిగాడు. దారి పక్కన బిచ్చమెత్తుకునేవాడు తన కోరికను తన నోటితో చెప్పే గౌరవం పొందాడు.

పోయిన శ్రమదినాలలో మేము పదకొండు మందిమి శ్రీరాంపూర్ నుండి ఇందారం, జైపూర్, భీమారం మీదుగా చెన్నూరు దాకా రెండు రోజులు నడిచాము. కరపత్రాలు పట్టుకోలేదు, మైకు పెట్టలేదు. ఎదురైనవారిని ఒక్క మాట అడిగాము: "మీకోసం దేవుణ్ణి ఏం అడగమంటారు?"

ఇందారం దాటాక పత్తి చేనులో ఒక అవ్వ, "గింత ఎండల ఎటు పోతున్రు బిడ్డా?" అని కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. తన కొడుకు గనిలో పనికి పనికిరాకుండా అయ్యాడట. మెడికల్ బోర్డు పిలుపు కోసం చూస్తున్నారట. మనవడికి కారుణ్య నియామకం రావాలని అడగమంది. జైపూర్ దగ్గర బీహార్ లారీ డ్రైవరు తన బిడ్డ పదో తరగతి పాస్ కావాలన్నాడు. ఆంజనేయ మాల వేసుకున్న ఒక తమ్ముడు, "నాకు నా స్వామి ఉన్నడు. మా ఎద్దుకు బాగలేదు, దానికోసం అడుగున్రి" అన్నాడు. ఎద్దు కోసం అడిగాము.

ఒక కాంట్రాక్టు కార్మికురాలు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, రెండు నెలల కూలి రాలేదు, అది వస్తే చాలు, ఇంకేం వద్దంది. ఎవరి దగ్గర పని అని అడిగితే ఆమె చెప్పిన పేరు మాకు తెలిసినదే. ఆయన క్రిస్మస్‌కు మన గుడికి వచ్చే మనిషి.

ప్రియులారా, ఆ మనవిని దేవునికి అప్పగించి ఇంటికి వచ్చి నిద్రపోగలమా? మేము ఆయన ఇంటికి వెళ్లి మాట్లాడాము. ఒక నెల కూలి ఇచ్చాడు, ఇంకో నెలది ఇవ్వవలసి ఉంది. మళ్లీ వెళ్తాము. ఇతరుల ప్రార్థన వినడంలో ఉన్న ప్రమాదం ఇదే. విన్నాక అది మన పని అవుతుంది.

కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు, "అయ్యగారూ, సువార్త చెప్పకుండా ఉత్తగ నడిస్తే ఏం లాభం?" వారి భారం మాకు తెలుసు. కానీ మన చుట్టూ ఎవరెవరు నడుస్తున్నారో చూడండి. పుష్యమాసంలో మెస్రం వంశీయులు కేస్లాపూర్ నుండి మన జిల్లా కలమడుగు దాకా చెప్పులు లేకుండా నడిచి, నాగోబాకు గోదావరి నీళ్లు మోసుకుపోతారు. హనుమాన్ జయంతికి మాల వేసుకున్నవారు రాయపట్నం వంతెన దాటి కొండగట్టుకు పోతారు. వారి కాళ్ల బొబ్బలకు, వారి మొక్కుకు వెనుక ఒక బాధ ఉంటుంది. దాన్ని వినకుండానే మనం మాట్లాడితే, బర్తిమయిని నోరు మూసుకొమ్మన్న జనంలో కలుస్తాము. విన్నవాడి మాటనే ఎదుటివాడు వింటాడు. అడిగినప్పుడు మన నిరీక్షణ గురించి చెప్పడానికి మనం ఎలాగూ సిద్ధమే.

"వినోబా విశ్వాసి కాడు గదా" అన్నవారూ ఉన్నారు. కొత్త నిబంధన నుండి వాక్యాలు ఏరి ఒక పుస్తకంగా కూర్చినవాడు ఆయన. అది పక్కన పెట్టినా, దారిలో పడి ఉన్న మనిషి దగ్గర ఆగడం మనకు నేర్పడానికి ప్రభువు ఎన్నుకున్నది ఒక సమరయుణ్ణే గదా.

అయితే భూదానం నుండి ఒక హెచ్చరిక కూడా తీసుకుందాం. దేశమంతటా ఇస్తామన్న భూమిలో చాలా భాగం పేదల చేతికి చేరలేదు. కొంత రాళ్ల నేల, కొంత కోర్టుల పాలు. సభలో చెప్పిన మాట కాగితం దాకా, కాగితం చేను దాకా నడవాలి. మన ప్రార్థన సంగతీ అంతే.

కాబట్టి నెలకు ఒక శనివారం, ప్రభువు తన శిష్యులను పంపినట్టు ఇద్దరిద్దరుగా వెళ్దాం. ఫోటోలు వద్దు. డబ్బు ఇస్తామని మాట ఇవ్వవద్దు. విన్న మనవిని నోటు పుస్తకంలో రాసి, వారంలోపు మళ్లీ వెళ్లి ఏమైందో అడగండి. మొదటి జత మొదటి షిఫ్టు దిగే వేళకు గని గేటు దగ్గర ఉండాలి. వచ్చేవారు ఆదివారం ఆరాధన తర్వాత పేరు ఇవ్వండి.

ఆ అవ్వ మనవడిని, ఆ తమ్ముడి ఎద్దును, ఆ చెల్లెలి రెండో నెల కూలిని ఈ వారం మీ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. ప్రభువు మన చెవులను, మన కాళ్లను వాడుకొనును గాక. ఆమేన్.