ముందు ముక్క అమ్మకు తెలుసు

సాయంత్రం ఆరు దాటాక మా పొన్నూరులో ఏ వీధిలోకి వెళ్ళినా ఒకటే పారాయణ. గుళ్ళో సహస్రనామం కాదండీ, ఇళ్ళల్లో ఇంగ్లీషు మాటల జాబితా! ‘ఇన్’తో మొదలయ్యేవి ఏభై, ‘అన్’తో ఏభై, ‘డిస్’తో మరో ఏభై. రేపు ట్యూషన్లో అప్పజెప్పాలి, ఎల్లుండికి మరిచిపోవాలి. ఫీజు మనది, గొంతునొప్పి పిల్లలది.

ఒకే ముక్కతో మొదలయ్యే మాటల్ని ఒకచోట చేర్చి చెప్పడం మంచి పద్ధతే, కాదనను. కానీ ఆ ముక్క ఏం పని చేస్తోందో చెప్పకుండా జాబితా చేతిలో పెట్టడమేమిటి? పోపులపెట్టె దాచేసి తాలింపు వెయ్యమన్నట్టు లేదూ! ‘అంకుల్’ స్పెల్లింగూ ‘అన్’ లాగే మొదలవుతుంది. అంతమాత్రాన బాబాయి కానివాడైపోతాడా? ‘అన్‌హ్యాపీ’లో ‘అన్’ తీసేస్తే ‘హ్యాపీ’ మిగులుతుంది. ‘అంకుల్’లో తీసేస్తే ఏం మిగిలింది? ఇంతమాత్రం ఆలోచన నేర్పరు. ‘ఇన్ అంటే కాదు’ అని చెప్పి ఊరుకుంటే, ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువ లేనిదని రాసొస్తాడు పిల్లాడు. వాడి తప్పేముంది? “ఒరే నాన్నా, మనం అమూల్యం అంటామే, అదేరా ఇది. వెల కట్టలేనంత గొప్పదని” అని అమ్మ ఒక్కమాట చెబితే జన్మలో మరిచిపోడు.

“అమ్మకేం తెలుసు, తెలుగు మీడియం” అంటారు చూడండి, నా పేచీ అక్కడే!

తెలుగులో చదువుకున్న అమ్మకు ఉపసర్గలు తెలుసు. ‘హారం’ ముందు ‘ఆ’ చేరితే ఆహారం, ‘వి’ చేరితే విహారం, ‘పరి’ చేరితే పరిహారం, ‘సం’ చేరితే ఏకంగా సంహారం! ఇలాంటి ముక్కలు సంస్కృతంలో 22 అని లెక్క. అచ్చ తెలుగులో మాత్రం లేవా? చిరునవ్వు, చిరుతిండి, పెనుగాలి, ముంజేయి, ముంగురులు అంటూ రోజంతా వాడుతూనే ఉంటాం. సంస్కృత కళాశాలతో పేరుపడ్డ మా ఊళ్ళో కూడా ఇది ఇంగ్లీషు ట్యూషన్లో పనికిరాని సరుకైపోయింది.

నిజానికి ఇది చుట్టరికం సంగతి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786లో విలియం జోన్స్ కలకత్తాలో చెప్పాడు. మన తెలుగుది వేరే కుటుంబమే. అయినా సంస్కృతం నుంచి ఈ ముక్కలు మనం తెచ్చుకున్నాం, గ్రీకు, లాటిన్ల నుంచి ఇంగ్లీషువాళ్ళు తెచ్చుకున్నారు. అంచేత మన ‘అంతర్’ వాళ్ళ ‘ఇంటర్’. అంతర్జాతీయం, ఇంటర్నేషనల్. మన ‘పరి’ వాళ్ళ ‘పెరి’. పెరిమీటర్ అంటే చుట్టుకొలతే కదా! మన ‘ఉప’ వాళ్ళ ‘హైపో’, మన ‘ఉపరి’ వాళ్ళ ‘హైపర్’.

ఇదంతా పండితుల గొడవ అనుకోకండి. షుగరుకు మందులు వాడే అత్తగారికి ఒళ్ళంతా చెమటలు పట్టి కాళ్ళూ చేతులూ వణుకుతున్నాయనుకోండి. రక్తంలో చక్కెర 70 కన్నా కిందికి పడితే అది హైపో. స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్ళు తాగించాలి, లేకపోతే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. హైపర్ అంటే చక్కెర పెరిగిపోవడం. అప్పుడు పంచదార పోస్తే ఉన్న ముప్పు ఇంకా పెరుగుతుంది. చెవికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ‘ఉపరితలం అంటే పైన, హైపరూ పైకే’ అని తెలిసిన పిల్ల కంగారు పడదు. ఏభై మాటలు బట్టీ పట్టిన పిల్ల తడుముకుంటుంది.

అలాగే గర్భిణి కార్డు మీద ‘యాంటీనేటల్’ అని ఉంటుంది. ‘యాంటీ అంటే వ్యతిరేకం’ అని వల్లించిన పిల్ల, కాన్పుకే వ్యతిరేకమా అని బెంబేలెత్తదూ! అక్కడున్నది వేరే ముక్క. పలకడం ఒకటే గానీ స్పెల్లింగు వేరు, అర్థం ‘ముందు’ అని. కాన్పుకు ముందు చేసే పరీక్షలన్నమాట. మన ముంజేతిలోని ‘ముం’ లాంటిదే.

“పరీక్షలు దగ్గరికొస్తుంటే ఇంత వివరంగా చెప్పే తీరికెక్కడిదండీ?” అంటారు మాస్టార్లు. ఏభై మాటలు వల్లించడానికున్న తీరిక అయిదు మాటలు అర్థం చేసుకోవడానికి లేదా? ఆ అయిదూ తెలిస్తే ఆరోది పిల్లాడే విప్పుకుంటాడు.

కాబట్టి అమ్మలూ, ఈసారి ఫీజు చేతికిచ్చే ముందు ఒక్కమాట గట్టిగా అడగండి: “ముక్కకి అయిదు మాటలు చాలు, మాస్టారూ. ఒక్కోదాని పక్కన మన తెలుగు మాట కూడా రాయించండి.” స్కూల్లో తెలుగు మాస్టారినీ ఇంగ్లీషు టీచర్నీ ఒక్క పిరియడైనా కలిసి కూర్చోమనండి. వాళ్ళకి తీరిక లేదంటారా, పప్పు ఉడికేలోగా ఆ అయిదు మాటలూ మనమే చెప్పేద్దాం. తాళంచెవి ఎటూ మన కొంగునే ఉంది.